నీడ దాక్కున్న మధ్యాహ్నం

మేస్త్రీ తాతా,

ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చి నిటారు కర్ర నీడను మింగేస్తాడని నువ్వు చెప్పిన మాట మా క్లాసులో ఎవరూ నమ్మలేదు. ఆ రెండు రోజుల్లో ఒకటి ఇవాళే. నువ్వు పోయాక మేకుకే ఉండిపోయిన, గోడ నిటారు చూసే నీ తూకం గుండు తీసి, మణికొండ డాబా మీద దాని దారానికి సరిచూసి కర్ర నిలబెట్టాను. పన్నెండైనా వేలెడు నీడ మిగిలింది.

"మీ తాత మస్తు కోతలు కోసిండే!" అని నా స్నేహితురాలు శ్వేత నవ్వింది.

"జర ఆగవే. పన్నెండైంది మన గడియారానికే, సూర్యుడికి కాదు."

పది నిమిషాల్లో ఆ నీడ తరిగి తరిగి కర్ర మొదట్లోకి దూరిపోయింది. శ్వేత గంతులే గంతులు!

ఇక్కడికి దగ్గర్లోనే రాయదుర్గంలో నువ్వు కట్టిన గోడల పక్కన కూడా అప్పుడు నీడ ఉండి ఉండదు. నువ్వెప్పుడూ తూకం తప్పలేదుగా, తాతా.