వానలో గుమ్మం దాకా

చిమానిమాని, జనవరి 9

అన్నయ్యకు,

నువ్వూ, నా చిట్టితల్లి రువారషే కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. కొండచరియ విరిగి పక్కింటి మీద పడ్డప్పటి నుంచి వాన చప్పుడు వింటే నాకు ఊపిరాడదు. ఆ భయంతోనే బిడ్డను రోజంతా గదిలో పెట్టి గొళ్లెం వేశాను. నువ్వు తీసుకెళ్లి మంచిపని చేశావు.

కొత్త సంవత్సరం రోజున, క్లినిక్ బయట బల్ల మీద కూర్చుని అందరి బాధలూ వినే నేత్సాయి అవ్వతో, "ఇక జన్మలో భయపడను" అన్నాను.

అవ్వ నవ్వింది. "అంత పెద్ద మాటలెందుకే పిల్లా! వాన పడేటప్పుడు ఒక్కసారి గుమ్మం దాకా రా, చాలు."

నిన్న వాన పడింది. వెళ్లాను. మూసేద్దామని రెండుసార్లు గొళ్లెం మీద చెయ్యి వేశాను. అయినా తలుపు మూయలేదు.

బిడ్డను నా దగ్గరికి తిరిగి పంపెయ్యమని అడిగే ధైర్యం ఇంకా లేదు. శనివారం ఒక్కపూట తీసుకురా. మబ్బు పడితే మాత్రం నన్నూ దాన్నీ ఒంటరిగా వదలకు.

నీ చెల్లెలు