గాజులు కట్టిన ఫీడర్

శుక్రవారం, రాత్రి

రేపు ఊటీ ప్రయాణం. కృష్ణపట్నంలో డ్యూటీ ముగించుకుని పెందలాడే ఇల్లు చేరి, అక్వేరియం మీద ఆటోమేటిక్ ఫీడర్ బిగించాను. డబ్బా తిరిగింది, మేత రాలింది. చేపలు మాత్రం మూలన నక్కి కదల్లేదు. నేను వేలితో అద్దం తట్టి పిలిచినా పట్టించుకోలేదు. రోజూ మేత వేసేది మా ఆవిడ సుజాత. ఆమె వచ్చి అద్దం మీద చెయ్యి పెట్టగానే గాజులు గలగలమన్నాయి, చేపలన్నీ ఎగబడి పైకి వచ్చాయి.

"చూసినారా, నా గాజుల సద్దు ఇనపడందే అవి మేత ముట్టవు. నేను రాను, మీరే పోండి ఊటీకి" అంది.

ఈ సెలవు దొరకడానికే ఎన్ని తిప్పలు పడ్డానో నాకు తెలుసు. బతిమాలి ఆమె గాజులు రెండు తీయించి, దారంతో డబ్బాకు కట్టాను. ఈసారి డబ్బా తిరిగితే గాజులు అద్దానికి తగిలి మోగాయి, చేపలు వచ్చేశాయి. దారం తడిసి తెగితే ఏం గతో, అది వేరే దిగులు.

"నోరులేని జీవాలు, పాపం, మోసపోయినాయి" అంది సుజాత. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కాసేపటికి వంటింట్లో గాజులు గలగలమన్నాయి. లేచి, చేతులు కడుక్కుని, కంచం ముందేసుకుని కూర్చున్నాను.

"కూడు ఇంకా ఉడకనేలేదు. గిన్నెలు తోముతా ఉండాను" అంది.

తర్వాత అక్వేరియం వైపు చూడాలంటే సిగ్గేసింది.