చింతగింజల అంతరిక్షం

ఆదివారం రాత్రి, నాంపల్లి

రాయకుండానే పడుకుందామనుకున్న. కానీ తమ్ముని బిడ్డ స్వప్న ఫికర్ నాకూ అంటుకున్నది. ఉద్యోగం వదిలిపెట్టి, గన్‌ఫౌండ్రీలో గది కిరాయికి తీసుకొని, అంతరిక్ష యుద్ధాల కంప్యూటర్ ఆట తయారుచేస్తున్నది. బుధవారం కంపెనీవాళ్ళు వచ్చి చూస్తరు. నచ్చకపోతే గది ఖాళీ చేసుడే.

సాయంత్రం ఇంటికొచ్చి లాప్‌టాప్‌ల చూపించింది. గ్రహాలు మొజంజాహీ మార్కెట్ల ఆపిల్ పండ్ల లెక్క మెరుస్తున్నయి. ఆ పండ్లకు మైనం పూస్తరని నాకు ముసలితనంల గాని తెలువలేదు, అది వేరే కథ.

"ఎట్లుంది పెద్దనాన్నా?"

"కండ్లకు పండుగే బిడ్డా. మరి ఆటేది?"

మూతి ముడిచింది. లాప్‌టాప్ మూయించి, నేల మీద సుద్దతో అష్టాచెమ్మా గళ్ళు గీసిన. గళ్ళు గ్రహాలు, చింతగింజలు ఓడలు, నియమాలు ఆమెవే. నేను ఓడలన్నీ ఒక్క గ్రహం మీద కుప్పపోసి కూర్చున్న. మీదికొచ్చిన ఆమె ఓడలన్నీ ఓడిపోవుడే.

"గిదేంది, ఊకె కూసోని గెలుస్తున్నవ్?"

"నిద్రపోయినా గెలుస్త."

నా కుప్పల గింజలు లెక్కపెట్టింది. తర్వాత, "ఒక్కో గ్రహం కొన్ని ఓడలకే ఇంధనం ఇస్తదనుకో. మిగిలినయి బయటికి పోవాల్సిందే" అన్నది. నా కుప్ప చెదిరింది. బయటపడ్డ ఓడలను ఒక్కొక్కటే ఏరి పట్టుకున్నది.

"కానీ వచ్చేటోళ్ళు ముందు మెరుపే చూస్తరు గద పెద్దనాన్నా?"

ఆపిల్ పండ్లు నేనూ అట్లనే కొన్న. ఉన్న రెండు రోజులు గ్రహాలకు పెట్టాల్నా, నియమాలకా...

వాళ్ళమ్మ అన్నానికి పిలిచింది.

"జర ఆగమ్మా, నా వంతున్నది" అన్నది స్వప్న.

అన్నం చల్లారినంక తిన్నం.