టూత్‌పేస్టుతో తోమిన నాణెం

తమ్ముడూ,

కెమెరా బ్యాటరీ అయిపోయింది, కొనుక్కురావడానికి వెళ్తున్నాను. నాణేలన్నీ ఫోటోలకని కిటికీ దగ్గర బల్ల మీద పేర్చాను. కర్టెన్ లాగకు. వెలుగు మారిందంటే పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. నాణ్యతకు గ్రేడు వేసి సీలు చేసిన డబ్బీలే కదా అని చొక్కా అంచుతో తుడిచేవు, గీతలు పడతాయి. సాయంత్రం నాణేలు కొనే షాపాయన వచ్చేలోగా సగం అమ్మకానికి తీసేసి తీరతాను. మంచి గ్రేడువే ఉంచుతాను. జాలిపడి ఒక్కటి వెనక్కి పెట్టావో, ఊరుకోను.

అక్క

అన్నట్టు, చిన్నప్పుడు నా పుట్టినరోజుకని టూత్‌పేస్టు పెట్టి తళతళలాడేలా తోమావే, తోమినదానికి గ్రేడు రాదని గ్రేడు వేసేవాళ్ళు తిప్పి పంపారే, ఆ నాణెం అమ్మకం పెట్టెలో పడిందేమోనని వెతక్కు. ఉంచుకునేవాటిలో పెట్టి, మొదటి ఫోటో దానికే తీశాను.