ఆ సీను తీసేలోపు

చిరంజీవి కోడలు సుహాసినికి,

మీ అత్త కూర్మమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ మావయ్యా వేళకి ఇంత తిని పొద్దుపుచ్చుతున్నాం. బెంగుళూరులో నువ్వు కూడా వేళకి తింటున్నావనే అనుకుంటాను.

నువ్వు అడిగినవి ముందు చెబుతాను. నా మోకాలు నొప్పి అలాగే ఉంది. సముద్రంలో చేపల వేట బందు కాబట్టి మీ మావయ్య ఇంటి దగ్గరే వలలు బాగుచేసుకుంటున్నాడు. మన వీధిలో నీ పుస్తకాన్ని సినిమా తియ్యడానికి ఊరి పెద్దలు ఒప్పుకున్నారు. సినిమా వాళ్లు వచ్చే సోమవారం వస్తారట. నువ్వు పంపిన ఆఖరి సీను కాగితం అందింది. అందులో తప్పులుంటే చెప్పమన్నావు. దానికే ఈ ఉత్తరం. ఫోనులో అయితే నీ గొంతు వినగానే నాకు నోరు పెగలదు.

నేను చదివింది ఐదో తరగతి. మన నరేష్ పోయాక నువ్వు వాడి గురించి రాసిన పుస్తకం కూడబలుక్కుని చదవడానికి మూడు నెలలు పట్టింది. ఆ పార్టీలు, ఆ పాటల హోరు, తెల్లవార్లూ చిందులు, ఆ మత్తు బిళ్లలు సగం అర్థం కాలేదు. ఆ బిళ్ల వేసుకుంటే లోకంలో అందరి మీదా ప్రేమ పుట్టుకొస్తుందని రాశావు. మా ఇంట్లో వాడికి ప్రేమ ఏం తక్కువైందని పుస్తకం మూసేసి ఏడ్చాను.

ఇంకో చోట, బిళ్ల ఎక్కాక వాడు ఇష్టమైనవాళ్లందరికీ ఫోన్లు చేసేవాడని రాశావు. ఆదివారం పొద్దున్నే నాకు చేసేవాడమ్మా. "అమ్మా, నువ్వంటే నాకెంత ఇష్టమో నీకు తెల్దు" అనేవాడు. ఎదిగిన కొడుకు అంత మాటన్నాడని చేపలమ్మే చోట అందరికీ చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట వాడిదో బిళ్లదో తెలియడం లేదు. నీతో అన్న మాటలకి నీకూ ఇదే బాధ ఉండి ఉంటుంది. నీకేమైనా తేలితే నాకూ రాయి.

మొన్న సినిమాలో నా వేషం కట్టే ఆవిడ వచ్చింది. మంచి మనిషి. నేలమీదే కూర్చుంది. కత్తిపీట మీద చేప కొయ్యడం నేర్పమంది. ఆవిడ చేతిలో వంజరం చేప జారి జారి పోతోంటే పక్కింటి దానమ్మ ఊరుకుంటుందా? "ఏటి సిన్నమ్మా, నువ్వు సేపని కోస్తన్నావా, సేప నిన్ను కోస్తన్నాదా" అంది. చాలా రోజులకి నేనూ నవ్వాను.

తర్వాత ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కొడుకు పోయి, కోడలు వచ్చిన పూట మీ మనసులో ఏముందని అడిగింది. జాలి అని చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. కారు వెళ్లిపోయాక దానమ్మ నా మొహం చూడకుండా అంది:

"వదినా, ఆ యమ్మ నీ అబద్ధం నేర్సుకుని ఎల్లిపోతన్నాది. రేపు ఊరూరా అదే ఆడతాది."

ఆ మాట విన్నాకే ఈ కాగితం తీశాను.

నీ పుస్తకంలో ఏం రాశావు? ఆ బిళ్ల వికటించి వాడు పోతే, పోలీసులు నిన్ను ప్రశ్నలడిగి వదిలాక రైలెక్కి, ఆటో కట్టించుకుని పొద్దున్న పది గంటలకి మన వీధి మొదటికి వచ్చావని. అప్పటికే వాణ్ని సాగనంపడం అంతా అయిపోయిందని. అక్కడే ఉంటే పదో రోజున నీ గాజులు పగలగొడతారని మీ అత్త కబురు పెట్టి నిన్ను కాపాడిందని. అంత దుఃఖంలోనూ కోడలి గురించి ఆలోచించిన తల్లి అని రాశావు. సినిమాలో కూడా అలాగే పెట్టారు.

అయిపోలేదమ్మా. వాణ్ని మధ్యాహ్నం రెండు దాటాక శ్మశానానికి తీసుకెళ్లారు. నువ్వు వచ్చినప్పుడు వాడు ఇంట్లోనే ఉన్నాడు. తలుపు సందులోంచి నీ ఆటో నాకు కనిపించింది. దానమ్మని పిలిచి చెప్పాను.

"అయిపోనాదని సెప్పీ. నా కొడుకుని తినేసిన పిల్ల ఆడి మొకం సూడకూడదు."

గాజుల మాట నాది కాదు. నీ వాలకం చూసి దానమ్మే జాలిపడి తనంతట తాను కలిపింది. అది దాని మంచితనం. నువ్వు చాలాసేపు ఆటోలోనే కూర్చున్నావు. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క కేక వేస్తే వచ్చేదానివి. వెయ్యలేదు. వాడికి ఆ బిళ్ల నువ్వే అలవాటు చేశావనుకున్నాను. వద్దని నువ్వు ఎన్నిసార్లు కాళ్లు పట్టుకున్నావో నీ పుస్తకం చదివాకే తెలిసింది. తెలిశాక కూడా ఏడాదిపాటు నోరు విప్పలేదు. నువ్వు అత్తా అని పిలుస్తున్నావు. చెబితే మానేస్తావని భయపడ్డాను.

సోమవారం లోపు దర్శకుడికి చెప్పు. ఎలా తీసుకుంటారో మీ ఇష్టం. నన్ను మంచిదానిలాగ మాత్రం తియ్యొద్దు. నన్ను క్షమించమని అడగను. నీకు రావలసింది ఒకటి నా దగ్గర ఉండిపోయింది. అది ఇచ్చేస్తాను.

నువ్వు ఆటోలో ఉన్నప్పుడు వాడు ఇలా ఉన్నాడు. పసుపు నీళ్లతో మొహం కడిగాం. ముందు జుత్తుకి వేసుకున్న నీలం రంగు అలాగే ఉంది. పెద్దలు గొరిగించెయ్యమంటే నేను ఒప్పుకోలేదు. కుడి కన్ను కొంచెం తెరిచి ఉంది, ఎంత మూసినా మూతపడలేదు. పై పెదవి మీద చిన్న గాటు. మొహంలో బాధ లేదు, ప్రమాణంగా చెబుతున్నాను. అలిసిపోయి వచ్చి పడుకున్నట్టే ఉన్నాడు. తెల్ల పంచె కట్టాం. చొక్కా వెయ్యలేదు. ఎడమ చెయ్యి గుండె మీద పెట్టాం. కుడి చెయ్యి మాత్రం పక్కకి జారిపోయి తెరుచుకునే ఉంది. ఎన్నిసార్లు సర్దినా జారిపోయింది. అది నువ్వు పట్టుకోవాల్సిన చెయ్యి. రెండు గంటలదాకా నేను పట్టుకుని కూర్చున్నాను.

ఇట్లు,
నీ అత్త,
కూర్మమ్మ