సముద్రపు ఉప్పు

బుధవారం, రాత్రి

చిన్నోడా, సముద్రం నిన్ను తీసుకుపోయాక దాని ఉప్పు నా నోట పెట్టలేదు. నీ పెద్దదినం అయ్యాక ఇంట్లో అందరూ ఉప్పులేని చప్పిడి కూడు మానేశారు. నేను మానలేదు.

ఈరోజు ఎండలో చేపలు ఆరబెడుతూ ఇసుకలో పడిపోయాను. కాళ్ళు కొంకర్లు పోయాయి. మీ అక్క పరుగున వెళ్ళి ఊరి ఆసుపత్రి నర్సమ్మను తీసుకొచ్చింది.

“ఉప్పు మానేసినావేటి వదినా? నెత్తుట్లో ఉప్పు లేకపోతే నరాలు పలకవు, కండ కదల్దు. ఉన్నదంతా సెమటలో పోతన్నాది” అని నర్సమ్మ తిట్టింది.

“నా కొడుకుని మింగిన సముద్రంది నాకొద్దు” అన్నాను.

“ఏడుస్తన్నావు కదా, ఆ నీళ్ళు నాకి సూడు. కడుపులో బిడ్డ ఈదేదీ ఉప్పునీళ్ళలోనే” అంది.

మీ అక్క నా కాళ్ళు రుద్దుతూ, “తమ్ముడు పోనాడు. నువ్వూ పోతే నాకెవులున్నారే అమ్మా?” అని ఏడ్చింది.

నర్సమ్మ మాట ఇంకా మనసులో తిరుగుతోంది. సముద్రం కంటే ముందు నిన్ను ఉప్పునీళ్ళలో దాచుకున్నది నేనే కదా. అయినా దాని మీద నా కోపం పోలేదు. పోతుందో లేదో...

రాత్రి మీ అక్క ఉప్పేసి కలిపిన ముద్ద నోట్లో పెట్టింది. మింగాను. నిన్ను మరిచిపోయాననుకోకు.

నువ్వూ ఎక్కడున్నా వేళకి కడుపునిండా తిను, నాన్నా.