మంగళం పాడేదాకా లేవకూడదు

ఫిబ్రవరి 9, ఉదయం

శుభారంభం! కడపలో మా వీధి చివర చెత్తకుప్పగా మిగిలిన ఖాళీ స్థలంలో ఇరుగుపొరుగువారికి కూరగాయల సేద్యం నేర్పే బాధ్యత నేటి నుంచి నాది. ఉద్యాన శిక్షణ పొందినవాడిని వీధికంతటికీ నేనొక్కడినే.

వీధి సంఘం అధ్యక్షుడు ఓబుళేశు షరతు: మార్చి మొదటి ఆదివారానికి అక్కడ పచ్చదనం కనబడకపోతే కార్ల షెడ్డు వేయిస్తాడు.

మా ఆవిడ కృష్ణవేణమ్మ షరతు మరీ కఠినం. "పాఠంలో పద్యం చదవగూడదు. మీరు పద్యమెత్తుకుంటే మంగళం పాడేదాకా ఎవురూ లేయరు. ఇంగ పార పట్టేదెవురు?"

నిజమే. పెద్దలు పద్యాలు చెబుతుండగా, ముగింపు మంగళం పాడకముందే లేచిపోవడం మా వీధిలో మహాపరాధం.

ప్రతిజ్ఞ చేశాను. పద్యం ముట్టను. కేవలం మట్టి!

ఫిబ్రవరి 10

అద్భుతం! ఆరుగురు శిష్యులు. అందరికన్నా ముందు మగ్గం నేసే సుబ్బక్క, బస్సు కండక్టరుగా పదవీ విరమణ చేసిన నరసన్న. ఒక మడి తవ్వారు. నాలుక కొసన ఒక సీసపద్యం తారట్లాడింది. మజ్జిగతో కలిపి మింగేశాను.

ఫిబ్రవరి 13

ఎరువు గురించి చెబుతూ భూదేవిని స్మరించవలసి వచ్చింది. ఒకే ఒక్క శ్లోకం. శ్లోకం సంస్కృతం, ప్రతిజ్ఞ తెలుగు పద్యాలకు సంబంధించినది. భంగం లేదు.

ఫిబ్రవరి 16

శిష్యులలో సాహిత్యాభిరుచి పెరుగుతున్నది! పార చేతికివ్వగానే నరసన్న, "పంతులయ్యా, మొన్నటి శ్లోకం తలలోనే తిరుగుతాండాది. అర్థం కొంచెం ఇడమరిచి చెప్పప్పా" అన్నాడు.

జ్ఞానార్థిని తిప్పి పంపడం పాపం. వేపచెట్టు నీడన కూర్చున్నాము. సుబ్బక్క కళింగరపండు, అదే పుచ్చకాయ, కోసి అందరికీ పెట్టింది. గింజలు ఊస్తూనే ఎంత శ్రద్ధగా విన్నారు!

ఫిబ్రవరి 20

ఎండ మండిపోతున్నందువల్ల వర్షవర్ణన సమయోచితమనిపించింది. మూడు సీసపద్యాలు. మళ్ళీ కళింగర. బెండ విత్తనాలు సంచిలో క్షేమం.

ఫిబ్రవరి 25

గోడ చాటున నరసన్న, సుబ్బక్కల నోట వినరానిది విన్నాను.

"ఈ పొద్దు నీ వంతు సుబ్బక్కా! యాదన్నా పద్యం అడుగు. ఆ పొద్దు తవ్విన మడికే నా నడుము పట్టుకుండాది."

"నిన్న అడిగింది నేనే గదప్పా! అర్థం అడిగితే శాలు, పొద్దుగూకేదాకా పార మాటెత్తడు. శానా మంచాయన!"

ఎంత మోసం! మండిపడుతూ లోపలికి వెళ్ళాను. పారలు పంచబోయాను. సుబ్బక్క అడిగింది. చెప్పాను. ఏం చేయను? మంచి ప్రశ్న!

మార్చి 1, ఆదివారం

ఓబుళేశు వచ్చాడు, వెంట సున్నం సంచితో గీతలు గీసే మనిషి. తవ్విన మడి బోసిగా ఉన్నది. వేపచెట్టు కింద మాత్రం మేము ఊసిన గింజలు, చేతులు కడిగిన నీళ్ళకు మొలిచి, రెండేసి ఆకులు తొడిగాయి.

"ఈ రెండాకులు చూసి షెడ్డు ఆపల్లా పంతులయ్యా?"

సుబ్బక్క నా చెవి దగ్గరకు వచ్చింది. "షెడ్డు పడితే ఇంగ మేం యాడ కూచుండేది? పద్యం ఎత్తుకోప్పా!"

ప్రతిజ్ఞ గుర్తుకు వచ్చి కృష్ణవేణమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే ఓబుళేశు ముందు చాప పరుస్తున్నది!

"ముందు చిన్న ప్రార్థన, ఓబుళేశూ. కూర్చో."

పాపం, కూర్చున్నాడు. మేఘం, నాగలి, ఎద్దు, ఎద్దు మూపురం, దాని మీద వాలిన కాకి: ఒక్కొక్కదానికి ఒక్కొక్క పద్యం. భోజనవేళ దాటింది. చాప మీద కూర్చోలేదు గనుక సున్నం మనిషి సంచి భుజాన వేసుకుని హాయిగా వెళ్ళిపోయాడు. ఓబుళేశు మాత్రం కాళ్ళు మార్చి మార్చి కూర్చుంటున్నాడు.

"మంగళం పాడు పంతులయ్యా! ఇంట్లో కోడికూర సల్లారిపోతాండాది!"

"ఈ తీగలు కాయలు కాసేదాకా గడువిస్తావా?"

"ఇచ్చినా!"

"కాయలు పండేదాకా?"

"పండి, నువ్వు తిని, గింజలూసేదాకా ఇచ్చినా! పాడప్పా!"

పాడాను. నిండు గొంతుతో పాడాను.

మార్చి 2, ఉదయం

పునఃప్రారంభం! నేటి నుంచి పద్యం ముట్టను. కేవలం మట్టి!

అదే రోజు, మరికాసేపటికి

శిష్యులందరూ వచ్చారు. వారి వెనుక, పిలవకుండానే, ఓబుళేశు. చేతికి పార ఇచ్చాను. దాన్ని ఒకసారి, వేపచెట్టు నీడను ఒకసారి చూశాడు.

"పంతులయ్యా, నిన్న ఆ ఎద్దు మీద కాకి పద్యం ఉండాది సూడు..."

ప్రతిజ్ఞ రేపటికి మార్చడమైనది.